సెరంగూన్ రోడ్డులో లంబాడీ మాట

దేవరకొండ దగ్గర ఆశ్రమ పాఠశాలలో ఒకటో తరగతికి పాఠాలు చెప్పుకునే నేను విమానం ఎక్కుతానంటే మా హెడ్మాస్టరు గారు నమ్మలేదు. సెలవుల్లో ఊరు వదిలి వెళ్ళడానికి అనుమతి కోరుతూ నేనిచ్చిన కాగితాన్ని ఆయన రెండుసార్లు చదివి, "సికింద్రాబాద్ రాయబోయి సింగపూర్ అని రాశారా టీచరమ్మా?" అని అడిగారు. నా తమ్ముడు రవీందర్ అక్కడ కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడని చెప్పాక కూడా ఆయన కళ్ళలో అనుమానం పూర్తిగా పోలేదు. ఆయన తప్పేమీ లేదు. మా తండా నుంచి బొంబాయికి కూలికి పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు కానీ, సముద్రం దాటినవాడు మా రవీందరే మొదటివాడు.

రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపెట్టారు, గుర్తుందా? ఆ భయమే మా వాడికి బువ్వ పెట్టింది. అమీర్‌పేటలో కోర్సు చేసి, ఒక బ్యాంకు పాత ప్రోగ్రాములు సరిచేసే పని మీద సింగపూర్ వెళ్ళాడు. ఆ గండం ఏ గొడవా లేకుండా గడిచింది. అయినా వాళ్ళ బ్యాంకు మా వాణ్ని వదల్లేదు. ఆ ఎండాకాలంలోనే టికెట్ పంపించాడు.

బెడోక్‌లో పచ్చబొట్టు

రవీందర్ ఉండేది బెడోక్ అనే చోట. ఊరికి తూర్పున అగ్గిపెట్టెలు పేర్చినట్టు బారులు తీరిన ఫ్లాట్లు. కిటికీల్లోంచి వెదురు గడలు బయటికి చాచి బట్టలు ఆరేస్తారు. అన్ని అంతస్తుల మీద చీరలు, లుంగీలు, స్కూలు యూనిఫారాలు జెండాల్లా ఎగురుతుంటే నాకు పండగ వాతావరణంలా అనిపించింది.

మా వాడు ఒక తెలుగు కుటుంబం ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాడు. ఆ ఇల్లాలి పేరు వసంతగారు, సొంతూరు నరసరావుపేట వైపు. భర్త ప్రసాద్‌గారు కూడా కంప్యూటర్ల మనిషే. కూతురు స్నేహ రెండో క్లాసు చదువుతోంది. నాకు మా వాడి గదిలో మంచం ఇచ్చి, వాణ్ని హాల్లో సోఫా మీద పడుకోబెట్టారు. వాళ్ళింట్లో మా వాణ్ని అందరూ "రవి" అంటున్నారు. ముద్దుగా పిలుస్తున్నారులే అనుకున్నాను.

మొదటిరోజు రాత్రి భోజనం దగ్గర వసంతగారు నాకు కొసరి కొసరి వడ్డించారు. "మొహమాటపడకండి అక్కయ్యగారూ, గోంగూర మా అమ్మ పంపించింది, ఇక్కడ దొరికేది కాదు." పక్కనే కూర్చున్న స్నేహ అన్నం మానేసి నా చేతినే చూస్తోంది. మణికట్టు దగ్గర, వేళ్ళ కణుపుల మీద నాకు చిన్నప్పుడు పొడిచిన పచ్చబొట్టు చుక్కలున్నాయి.

"ఆంటీ, వై గాట్ డాట్స్? మార్కర్ ఆహ్?"

"మార్కరు కాదు తల్లీ. పచ్చబొట్టు."

"కెనాట్ వాష్ ఆహ్?"

"కెనాట్," అన్నాను నేనూ. అందరూ నవ్వారు.

వసంతగారు మాత్రం నా చేతిని కాస్త పరీక్షగా చూశారు. "మా వైపు మిరపకాయ కోతలకి లంబాడీ వాళ్ళు వచ్చేవాళ్ళండీ. వాళ్ళ ఆడవాళ్ళకి అచ్చం ఇలాంటివే ఉండేవి," అన్నారు. ఆ గొంతులో చెడ్డతనమేమీ లేదు, ఆరా ఉంది.

నేను నోరు తెరిచేలోపే మా వాడు అందుకున్నాడు. "చిన్నప్పుడు జాతరలో సరదాగా వేయించుకుందండీ అక్క."

నీళ్ళు తాగాను. మా అమ్మ ఒళ్ళో నన్ను కదలకుండా పట్టుకుంటే మా నాయనమ్మ సూదితో పొడిచిన చుక్కలవి. నగలు దొంగలు ఎత్తుకుపోతారు, ఇవి మాత్రం నీతోనే వస్తాయి అని చెప్పి పొడిచింది. రవీందర్ తల ఎత్తకుండా పెరుగన్నం కలుపుకున్నాడు. గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు కూడా నేను మా లంబాడీ భాషలో ఏది అడిగినా వాడు తెలుగులోనే జవాబిస్తున్నాడన్న సంగతి నాకు అప్పుడే స్పృహలోకి వచ్చింది.

టిఫిను, టిష్యూ పొట్లం

మర్నాడు మా వాడు ఆఫీసుకు వెళ్ళాక వసంతగారు నన్ను టిఫినుకి దగ్గర్లోని హాకర్ సెంటరుకి తీసుకెళ్ళారు. ఒకే కప్పు కింద ముప్ఫై నలభై చిన్న హోటళ్ళు, మధ్యలో బల్లలు. మలయా పొయ్యి పక్కనే చైనా పొయ్యి, దాని పక్కన మన పొయ్యి. అందరూ ఎక్కడెక్కడో కొనుక్కొచ్చి ఒకే బల్ల మీద తింటారు. మా అమ్మ కట్టెలమోపు అమ్ముకోవడానికి దేవరకొండ వచ్చినప్పుడు హోటలు బయట అరుగు మీద వేరే గ్లాసులో చాయ్ తాగడం నాకు తెలుసు. అందుకే ఆ బల్లల్ని చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

వసంతగారు కాఫీ తేవడానికి వెళ్ళారు. ఖాళీ బల్ల మీద ఎవరో కాగితపు రుమాళ్ళ పొట్లం మరిచిపోయారు. పాపం అనుకుని, బల్లలు తుడుస్తున్న చైనా ముసలావిడకి దాన్ని అప్పగించి అక్కడ కూర్చున్నాను. కాసేపటికి టై కట్టుకున్న ఒకాయన నూడుల్స్ గిన్నెతో వచ్చి, నన్నూ బల్లనూ మార్చిమార్చి చూశాడు. ముసలావిడ పొట్లం ఊపుతూ నాకు ఏదో చెబుతోంది. వసంతగారు పరుగున వచ్చి ఆయనకి సారీ చెప్పి, నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డారు.

"దాన్ని చోప్ చేయడం అంటారండీ ఇక్కడ! పొట్లం పెట్టి వెళ్తే ఆ సీటు వాళ్ళదన్నమాట."

మా డిపో బస్సులో కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకోవడం లాంటిదే. తేడా ఒక్కటే. మా దగ్గర తువ్వాలు తీసి కింద పడేసి కూర్చునేవాళ్ళు కూడా ఉంటారు. ఆ మాట చెబితే ఆవిడ మళ్ళీ నవ్వారు. చిక్కటి డబ్బాపాలు పోసిన ఆ కాఫీ ఎనభై సెంట్లు. దేవరకొండ బస్టాండులో ఆ డబ్బుకి ఇంటిల్లిపాదీ చాయ్ తాగి బిస్కెట్లు కూడా తినొచ్చు. రుచి మాత్రం నాకు నచ్చింది. వసంతగారూ నాకు నచ్చారు. అదే నాకు కష్టంగా ఉంది.

రాఫెల్స్ ప్లేస్, నది గట్టు

శుక్రవారం మధ్యాహ్నం రవీందర్ నన్ను తన ఆఫీసు చూడ్డానికి రమ్మన్నాడు. రైలు దిగి పైకి వస్తే రాఫెల్స్ ప్లేస్. చుట్టూ బ్యాంకుల మేడలు. తల వెనక్కి వంచి చూస్తే మెడ పట్టేసింది. భోజనం వేళకి ఆ మేడల్లోంచి జనం పుట్టలోంచి ఉసిళ్ళలా బయటికొచ్చారు. అందరి మెడల్లో పేరు రాసిన కార్డులు. మా వాడి కార్డు మీద "ఆర్. రవి" అని ఉంది. రమావత్ అన్న ఇంటిపేరు ఒక్క అక్షరంలోకి కుదించుకుపోయింది.

నది గట్టున కూర్చుని, కొనుక్కొచ్చిన సాంబారన్నం తిన్నాం. "జాతర అని ఎందుకన్నావురా?" అని మా భాషలో అడిగాను. వాడు తెలుగులోనే చెప్పాడు.

"మా టీంల యూరప్ ఆయన ఒకడున్నడక్కా. మంచోడే. ఒకరోజు లంచ్‌ల వాళ్ళ దేశం సంగతి చెప్తున్నడు. అక్కడ రోమా అని ఒక జాతి ఉన్నదట, ఊరూరు తిరిగేటోళ్ళంట. 'వాళ్ళ పిల్లలకి చదువు ఎక్కదు, ఉద్యోగమిస్తే నిలబడరు, ఊళ్ళెకొస్తే కోళ్ళు మాయం, అందుకే వాళ్ళకి వేరే బడులు' అన్నడు. అందరూ నవ్విన్రు. వాళ్ళూ మన లంబాడోళ్ళూ ఒకప్పుడు ఒక్క కాడి నుంచే పోయిన్రని ఎక్కడనో చదివిన. నిజమో కాదో నాకు తెల్వదు. కాని ఆయన అన్న ప్రతి మాట కాలేజీ హాస్టల్ల నేను విన్నదే. తెలుగుల విన్న, ఇప్పుడు ఇంగ్లీషుల విన్న."

"నువ్వేమన్నావు?"

"ఏమంట? సాంబారు తిన్న."

మా వాడు డబ్బా మూతపెట్టాడు. "ఇక్కడ నేను రవినక్కా. నా కోడ్ నడుస్తదా లేదా, అంతే చూస్తరు. ఎవరి బిడ్డవని అడగరు. ఎన్నేండ్లకో నాకీ హాయి దొరికింది. దాన్ని పోగొట్టుకోవాల్నా?"

మా బడిలో పిల్లలకి నేను చెప్పేది కూడా, మీరెక్కడి నుంచి వచ్చారన్నది ఎవరూ అడగని చోటికి వెళ్ళండని కాదూ? కానీ ఆ చోటికి వచ్చినవాడు నా పక్కన కూర్చుని, నా చేతివైపు చూడకుండా మాట్లాడుతున్నాడు.

ఆదివారం, లిటిల్ ఇండియా

ఆదివారం లిటిల్ ఇండియా చూడకపోతే సింగపూర్ చూసినట్టే కాదని వసంతగారు చెప్పి పంపారు. సెరంగూన్ రోడ్డులో బస్సు దిగగానే మల్లెపూల వాసన, దాని వెనకే సాంబ్రాణి, వేపుళ్ళు. ఎటు చూసినా మగవాళ్ళే. ఓడల యార్డుల్లో, కట్టడాల దగ్గర వారమంతా పనిచేసిన వాళ్ళు ఆ ఒక్కపూట అక్కడికి చేరతారు. ఇంటికి డబ్బు పంపేవాళ్ళు, ఫోన్ల దగ్గర వరుస కట్టినవాళ్ళు, ఖాళీ స్థలాల్లో పచ్చిక మీద ఊరివారీగా గుంపులు కట్టి కూర్చున్నవాళ్ళు. కరీంనగర్ యాస ఒకవైపు, శ్రీకాకుళం యాస మరోవైపు చెవిన పడుతుంటే నాకు బస్టాండులో ఉన్నట్టే అనిపించింది.

రవీందర్ ఫోను కార్డు కోసం ఒక కొట్లోకి వెళ్ళాడు. నేను బయట గంపలో కరివేపాకు ఏరుకుంటున్నాను. "యాడీ," అని ఎవరో పిలిచారు. మా భాషలో అమ్మా అని. తిరిగి చూస్తే ముప్ఫై ఏళ్ళ మనిషి, ఎండకి నల్లబడ్డ ముఖం, ఉతికి మడతపెట్టిన చొక్కా. మా భాషలోనే ఎవరని అడిగితే, నా చేతి చుక్కల్ని చూసి పిలిచానన్నాడు. పేరు దస్రు. అచ్చంపేట దగ్గర తండా. "రాం రాం యాడీ, ఈ దేశం వచ్చినంక ఆడమనిషి నోట మన మాట ఇనుడు ఇదే మొదలు," అంటూ నన్ను పచ్చిక మీదకి తీసుకెళ్ళి, తన తువ్వాలు పరిచి కూర్చోబెట్టాడు. అతను మాట్లాడింది మా భాషలో. మీకోసం తెలుగులో రాస్తున్నాను.

ఓడలు బాగుచేసే యార్డులో పనికొచ్చాడు దస్రు. పనిలోకి దించేముందు ప్రమాదాల గురించి ఒక క్లాసు చెబుతారు, చివర పరీక్ష ఉంటుంది. ఒకసారి తప్పాడు. బుధవారం మళ్ళీ పెడతారు. ఈసారి తప్పితే తిరుగు టికెట్టే.

"పోతే పోయావు, ఊర్లో ఏదో పని ఉండదా?" అన్నాను.

"ఉంటది, బొంబాయిల అడ్డా కూలి. పెండ్లాం పిల్లల్ని తోలుకొని పోవాలె. ఈ ఏడే పిల్లలిద్దర్ని హాస్టల్ల ఏసిన యాడీ. పెద్దది పేరు రాస్తున్నది. నేను పోతే దాని పలక మళ్ళ మూటలకే పోతది."

ఆ మాట తర్వాత నాకు కరివేపాకూ గుర్తులేదు, బస్సూ గుర్తులేదు. పరీక్షలో ఏం తప్పావని అడిగాను.

"ఓడ అడుగున ఇనుప ట్యాంకు ఉంటది. 'నీ జతగాడు అందుల పడిపోయిండు, నువ్వేం జేస్తవ్' అని అడిగిన్రు. దుంకి ఎత్తుకొస్త అన్న. ఫెయిల్ అన్నరు. గిదేం న్యాయం? మనిషిని కాపాడితే ఫెయిలా?"

అతని చేతిలోని క్లాసు పుస్తకంలో బొమ్మ చూసి, దూకకూడదట, పైనుంచి సాయానికి పిలవాలట అని జవాబు నేర్పబోయాను. తలూపాడు కానీ కళ్ళు ఒప్పుకోలేదు. ఒకటో తరగతి పిల్లల దగ్గర ఇన్నేళ్ళూ నేను చూసింది అదే. మనసు ఒప్పుకోనిది నోటికి వచ్చినా అడిగేవాళ్ళ ముందు నిలవదు. ఎందుకు దూకకూడదో ఆ బొమ్మ కింద ఇంగ్లీషులో ఉంది. ఆ ఇంగ్లీషు నాకు రాదు.

అప్పుడే రవీందర్ సంచీతో వచ్చి నాలుగడుగుల దూరంలో ఆగాడు. "అక్కా, పోదాం. బస్సులు రష్ అయితయ్," అన్నాడు తెలుగులో.

"ఈ సారెవరు?" అని అడిగాడు దస్రు.

"నా తమ్ముడు," అన్నాను మా భాషలో, కాస్త గట్టిగానే.

దస్రు ముఖం విప్పారింది. లేచి రెండు చేతులూ జోడించి, "రాం రాం భియా!" అన్నాడు. రవీందర్ చుట్టూ చూశాడు. ఆదివారం అక్కడికి వాళ్ళ ఆఫీసు తెలుగువాళ్ళు అందరూ కూరగాయలకి వస్తారు. దస్రు పుస్తకం చాచాడు. మా వాడు అందుకుని, నిలబడే రెండు పేజీలు తిప్పాడు.

"ఆక్సిజన్ ఉండదు లోపల. గ్యాస్ ఫిల్ అయి ఉంటది. నువ్వు పోతే నువ్వూ ఫెయింట్ అయితవ్," అన్నాడు. దస్రు మర్యాదగా తలూపాడు. తెలియని మాటకి పెద్దల ముందు మనం ఊపే తలే అది. రవీందర్ ఆ తలూపడాన్ని గుర్తుపట్టాడు. సంచీ కింద పెట్టి చతికిలబడ్డాడు. పుస్తకం మూసి, మా భాషలో అన్నాడు.

"నేలల జొన్నలు దాచే పాతర ఎరుకేనా నీకు?"

"ఎందుకెరుక లేదు?"

"మా తండాల ఒక పాతరుండె. వానలు పోయినంక మూత తీసిన్రు. మా తాత దీపం దించి చూడాలె, గాలి పోనియ్యాలె అని మొత్తుకుంటనే ఉన్నడు. ఒకడు ఇనక దిగిండు. లోపల పడిపోయిండు. వాని తమ్ముడు అన్నా అనుకుంట దుంకిండు." వాడు పుస్తకం పక్కన పెట్టాడు. "ఇద్దరూ బతకలే. నేను మా తాత చెయ్యి పట్టుకొని అక్కడనే నిలబడ్డ."

అప్పటికి వాడు బడికి కూడా వెళ్ళని పిల్లవాడు. మరిచిపోయి ఉంటాడనుకున్నాను ఇన్నాళ్ళూ.

దస్రు పుస్తకం తెరిచి ట్యాంకు బొమ్మ మీద వేలు పెట్టాడు. "అంటే ఆ ట్యాంకు పాతరేనా భియా?"

"పాతరే."

"అట్లయితే దుంకొద్దు. కేకెయ్యాలె. దుంకితే ఇంటికి రెండు పీనుగులు పోతయ్." అతని గొంతు మారింది. "ఈ మాట ముందే ఎవరన్న గిట్ల చెప్పరాదా!"

ఇంకో ముగ్గురు మనుషులు దగ్గరికి జరిగి వింటున్నారు. మా వాడు పేజీ పేజీ తిప్పుతూ ఒక్కొక్క బొమ్మనీ మా మాటల్లోకి తెస్తున్నాడు. చేతులూపుతున్నాడు, నవ్విస్తున్నాడు. నాకెన్నో ఏళ్ళుగా కనపడని తమ్ముడు వాడు.

"రవి అంకుల్! వై సిట్ ఆన్ ద గ్రాస్ లా?"

స్నేహ. వెనకాల కూరగాయల సంచులతో వసంతగారు. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో తెలియదు.

"వాట్ లాంగ్వేజ్ ఇజ్ దట్?" అంది పిల్ల.

రవీందర్ మొహం ఒక్క క్షణం తెల్లబోయింది. "నా భాష, స్నేహా," అన్నాడు. తర్వాత లేచి నిలబడి వసంతగారితో, "మేము లంబాడీలమండీ. జాతర అని చెప్పింది అబద్ధం," అన్నాడు.

"ఓహో, అలాగా," అన్నారావిడ. మమ్మల్నీ దస్రునీ ఓసారి చూసి, "టమాటాలు నలిగిపోతాయేమో, మేం బయల్దేరతామండీ," అని పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయారు.

మళ్ళీ బెడోక్

సోమవారం పొద్దున నేను ఉల్లిపాయలు తరుగుతుంటే వసంతగారు స్టవ్ వైపు తిరిగే అడిగారు.

"ముందే చెప్తే ఏమయ్యేదండీ? మేమేమన్నా తినేస్తామా?"

"చెప్తే గది ఇచ్చేవారా?" అన్నాను.

పోపు చిటపటలాడింది. ఆవిడ మంట తగ్గించి ఇటు తిరిగారు. "ఏమోనండీ. మా ఆయనతో మాట్లాడి చెప్తాననేదాన్నేమో."

మాట్లాడి చెప్తానంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. అయినా ఆవిడ అబద్ధం ఆడలేదు. నేను ఉల్లిపాయలు అందించాను, ఆవిడ తీసుకున్నారు.

బుధవారం సాయంత్రం ఫోన్ మోగితే ఆవిడే ఎత్తారు. కాసేపు విని, రిసీవరు చేత్తో మూసి నన్ను పిలిచారు. "ఎవరో దస్రు అటండీ. పాసయ్యాడట. ఏడుస్తున్నాడు." ఆదివారం రవీందర్ అతని పుస్తకం మీద ఈ నంబరు రాసిచ్చాడు. నేను మాట్లాడి పెట్టేశాక ఆవిడ పక్కనే కూర్చుని, ఏం పరీక్ష, ఏమైంది అని అంతా చెప్పించుకున్నారు. పాతర సంగతి వచ్చినప్పుడు, "రవి చూశాడా? అంత చిన్నప్పుడు?" అని రెండుసార్లు అడిగారు.

వసంతగారు మారిపోయారని రాస్తే అది కథవుతుంది. జరిగింది ఇంతే. స్నేహ మార్కరుతో తన మణికట్టు మీద నాలాగే చుక్కలు పెట్టుకుంది. ఆవిడ చూసి తిట్టలేదు. మర్నాడు బడికి పంపేముందు మాత్రం సబ్బుతో రుద్ది కడిగించారు. మా వాడు గది ఖాళీ చేయలేదు, వాళ్ళు చేయమనలేదు. యూరప్ ఆయన సంగతేమిటని అడిగితే, "ఇంకోసారి ఆ మాటొస్తే ఈసారి సాంబారు తిని ఊరుకోనక్కా," అన్నాడు రవీందర్. వాడు ఈ మాట మా భాషలో అన్నాడు.

చివరి ఆదివారం

నా విమానం ఆ సాయంత్రమే. పెట్టె సర్దేసి, ఒక్కసారి సెరంగూన్ రోడ్డు చూసి వెళ్దామని బయల్దేరాం. దస్రు అప్పటికే అట్టముక్కలు పరిచి ఎదురు చూస్తున్నాడు. అతని చుట్టూ పదిహేను మంది దాకా ఉన్నారు. అందరూ మావాళ్ళు కాదు. నిజామాబాద్ వైపు కుర్రాళ్ళు, ఒక సిరిసిల్ల మనిషి. "మాకూ ఆ పరీక్షే ఉందన్నా, జర చెప్పరాదే," అన్నారు. రవీందర్ ఒకసారి మా భాషలో, ఒకసారి తెలుగులో చెబుతున్నాడు. వాడికి మాట అందనిచోట దస్రు అందుకుంటున్నాడు. దస్రు పక్కన కూర్చున్న సిరిసిల్ల ఆయన అతని పుస్తకంలోకి వంగి, "గీ బొమ్మ ఏందన్నా?" అని అడుగుతున్నాడు.

నాకు టైమవుతోంది. ఎయిర్‌పోర్టుకి ఇక కదలాలి. వాడి దగ్గరికి వెళ్ళి భుజం తట్టాను. వాడు తల తిప్పకుండానే చెయ్యెత్తి, "ఒక్క నిమిషం అక్కా, ఈ పేజీ అయిపోనీ," అన్నాడు.

నేను చెప్పులు విడిచి, వెనక వరుసలో ఖాళీగా ఉన్న అట్టముక్క మీద కూర్చున్నాను.